ఏ సాఫ్ట్‌వేర్‌లో మునుగుదాం?

మా ఇంట్లోకి నీళ్లెందుకు వస్తున్నాయో మొన్న తేలిపోయింది. వాన వల్ల కాదట. నాలా పూడినందువల్ల కాదట. నాలా మీద లేచిన నాలుగంతస్తుల మేడ వల్ల అసలే కాదట. మన దగ్గర సరైన సాఫ్ట్‌వేర్ లేకపోవడం వల్లనట.

ఈ మాట ఏ దారిన పోయే దానయ్యో అనలేదు. ఏసీ హాల్లో, పొడుగాటి బల్ల చుట్టూ, మనిషికో మినరల్ వాటర్ సీసా పెట్టుకుని కూర్చున్న పెద్దలు తేల్చిన మాట. ఏ ఆఫీసో చెప్పను. చెబితే వచ్చేసారి సమోసా పెట్టరు. కాలనీ సంక్షేమ సంఘం తరఫున నన్నూ పిలిచారు. ఫైల్లో ‘ప్రజల భాగస్వామ్యం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా.

వరంగల్‌కు వాన కొత్త కాదు, మునగడమే ఈ మధ్య అలవాటైంది. 2020 ఆగస్టులో మా వీధుల్లో పడవలు తిరిగాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అంతకుముందెన్నడూ అంత వాన నమోదు కాలేదు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనాన్ని హెలికాప్టర్లలో తీశారు. ఇటు నగరం నడిబొడ్డున భద్రకాళి చెరువు కట్ట తెగింది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను కోస్తాలో తీరం దాటి, అక్కడితో ఆగకుండా మమ్మల్ని కూడా పలకరించి పోయింది. మా ఇంట్లో మంచం కోళ్ల కింద 2020లో రెండేసి ఇటుకలు పెట్టాం, 2023లో మూడేసి. ఇదీ మా దగ్గరున్న హైడ్రాలజీ.

మీటింగుకు వద్దాం. తెర మీద డెమో మొదలైంది. నీలి అల ఒకటి నెమ్మదిగా లేచి, డబ్బాలాంటి భవనాన్ని ఢీకొని, నురగలు నురగలుగా చెదిరింది. హాలంతా ‘అబ్బ’ అంది. తర్వాత కప్పులో కాఫీ పోసి చూపించారు. ఆ తర్వాత రేసు కారు చుట్టూ గాలి, ఎరుపు నుంచి నీలం దాకా ఇంద్రధనుస్సు రంగుల్లో. నేను చెయ్యెత్తి, “సార్, ఇందులో మా వరంగల్ బొందివాగు ఎక్కడ?” అన్నాను. టై కట్టుకున్న కుర్రాడు నవ్వి, “అది కస్టమైజేషన్ అండీ, లైసెన్సు తీసుకున్నాక” అన్నాడు. కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్‌ను పొట్టిగా సీఎఫ్‌డీ అంటారు. అందులో ‘సీ’ అంటే కలర్ అని ఆ విద్యలో ఉన్నవాళ్లే ఎగతాళి చేసుకుంటారట. మా హాల్లో దాన్ని ఎవరూ ఎగతాళిగా తీసుకోలేదు.

చూస్తూ చూస్తుండగానే సభ వర్గాలుగా చీలింది. ఖరీదు వర్గానిది సులువైన సిద్ధాంతం: సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైతే నీళ్లు దానికి అంత భయపడతాయి. వీళ్లు ఫ్లూయెంట్ పేరు చెప్పారు, ఫ్లో-త్రీడీ పేరు చెప్పారు. రెండూ చెడ్డవి కావు. గేటు కింద నుంచి దూసుకొచ్చే నీటి పైతలం ఎలా వంగుతుందో లెక్కగట్టే పద్ధతిని హర్ట్, నికల్స్ అనే ఇద్దరు 1981లో ప్రచురించారు. ఆ హర్ట్ పెట్టిన కంపెనీదే ఫ్లో-త్రీడీ. ఫ్లూయెంట్‌ను 2006లో ఆన్సిస్ మింగింది, ఆన్సిస్‌ను 2025లో సినాప్సిస్ మింగింది. మింగడంలో అంతటి కంపెనీలు కూడా మా వార్డులో నాలాను మింగినవాళ్ల దగ్గర శిష్యరికం చేయాల్సిందే.

వీళ్లకు ఎదురుగా ఒక చిన్న వయసు లెక్చరర్ ఒంటరిగా కూర్చున్నాడు. ఓపెన్‌ఫోమ్ అన్నాడు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పుట్టింది, 2004 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏం జరుగుతోందో విప్పి చూడొచ్చు అని ఉత్సాహంగా లాప్‌టాప్ తిప్పి చూపించాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వరుసగా పరుగెత్తుతున్నాయి. పెద్దసారు కళ్లద్దాలు సర్దుకుని, “ఏమైందయ్యా, వైరస్ పడ్డదా?” అన్నారు.

మూలన ఇంకొకాయన నింపాదిగా సమోసా తుంచుతూ, “ఎందుకు సార్ గింత లొల్లి? నా దగ్గర పెన్‌డ్రైవ్‌ల ఉన్నది, మా బామ్మర్ది ఇచ్చిండు” అన్నాడు. వాడాలంటే ఇంటర్‌నెట్ తీసెయ్యాలి, కంప్యూటర్ తేదీని 2016కు వెనక్కి తిప్పాలి, అంతేనట. నాకు ఈ పద్ధతే నచ్చింది. 2016లో కూర్చుంటే 2020 వరద ఇంకా రానట్టే. తాపీగా ముందస్తు హెచ్చరిక ఇవ్వొచ్చు.

ఉచితం అన్న మాట పడగానే హాల్లో ఒక అనుమానం కమ్ముకుంది. బస్సు ఉచితమంటే ఎక్కుతాం, కరెంటు ఉచితమంటే వేసుకుంటాం, ఎన్నికలొస్తే ఏది ఉచితమో చదువుకుని మరీ ఓటేస్తాం. ఒక్క సాఫ్ట్‌వేర్ ఉచితమంటే మాత్రం నాణ్యత గుర్తొస్తుంది. తప్పు మనుషులది కాదు, ఫైలుది. ఉచితమైనదానికి టెండరు లేదు, టెండరు లేకపోతే కమిటీ లేదు, కమిటీ లేకపోతే సింగపూర్‌లో శిక్షణ లేదు, రిబ్బను కత్తిరించడానికి డబ్బా కూడా ఉండదు. అమెరికా సైన్యపు ఇంజనీర్లు రాసిన హెక్-రాస్‌ను ఎవరైనా డబ్బివ్వకుండా దించుకోవచ్చు. నగరాల మురుగు కాలువల కోసం 1971లో పుట్టిన స్విమ్ కూడా ఉచితమే. ఇలాంటి వాటిని పైసా ఖర్చు లేకుండా వాడి సరైన లెక్క తీస్తే ఆ ఏడాది బడ్జెట్ మురిగిపోతుంది. బాధ్యత గల అధికారి ఎవరూ అలాంటి పని చేయరు.

నిజానికి ఏది కొనాలి అనే ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది: నీళ్ల గురించి నువ్వు తెలుసుకోవాలనుకుంటున్నదేమిటి? ఆ లెక్చరర్ పాపం అదే చెప్పబోయాడు. ఒక పక్క గులాబ్‌జామ్ పంచుతుంటే, ఇంకో పక్క బోర్డు మీద గీశాడు. నీటి నడకను పూర్తిగా చెప్పే సమీకరణాలు నావియే 1822లో మొదలుపెడితే స్టోక్స్ 1845లో ఓ కొలిక్కి తెచ్చాడు. వాటి పరిష్కారాలు మూడు కొలతల్లో ఎప్పుడూ సాఫీగానే ఉంటాయని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. నిరూపించినా, కాదని తేల్చినా పది లక్షల డాలర్లిస్తామని క్లే సంస్థ 2000లో ప్రకటించింది. ఆ డబ్బు ఇంకా అలాగే ఉంది. మా కమిటీ మాత్రం భోజనాల లోపు తేల్చేయాలని కూర్చుంది.

అయితే వీధిలో మోకాలి లోతున నీళ్లు పారుతుంటే అంత విద్య అక్కర్లేదు. లోతు తక్కువ, పరపు ఎక్కువ ఉన్న నీటికి పైనా కిందా వేగాలు కలిపి సగటు తీస్తే చాలని, ఒకే దిక్కున పారే కాలువకు సరిపడేలా సాంవెనాఁ అనే ఫ్రెంచి ఇంజనీరు 1871లోనే రాసి పెట్టాడు. హెక్-రాస్, టెలిమాక్ లాంటివన్నీ ఆ దారిలో నడిచేవే. మూడు కొలతల లెక్క కావలసిన చోట్లు వేరే ఉన్నాయి: బరాజ్ గేటు కింది నుంచి నీరు ఎంత వేగంతో దూకుతోంది, దిగువన దాని బలం చావకపోతే రాళ్లు లేచిపోతాయా అన్నది అడగాలంటే ఖరీదు వర్గం మాటే రైటు. మన పక్కనే ఉంది మేడిగడ్డ. 85 గేట్ల బరాజ్‌లో 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. అక్కడ పైనున్న నీళ్ల కథ ఒకటైతే, పునాది కింద ఇసుకను మెల్లగా తోసుకుపోయే నీళ్ల కథ మరొకటి. రెంటికీ ఒకటే సాఫ్ట్‌వేర్ పనికిరాదు. కింద పారే నీటికి రంగుల అల ఉండదు కాబట్టి దాని డెమో ఎవరూ చూపించరు.

“అయినా సరే, మనం త్రీడీకే పోదాం. నగరం మొత్తం త్రీడీ” అన్నారు పెద్దసారు. చప్పట్లు. నాకు లెక్కలు అంతంత మాత్రం, కానీ ఖాళీ సమోసా కాగితం చేతిలో ఉంటే గణితం తన్నుకొస్తుంది. గ్రేటర్ వరంగల్ 400 చదరపు కిలోమీటర్ల పైమాటే. పది సెంటీమీటర్ల గళ్లుగా కోస్తే ఒక పొరకు నాలుగు వేల కోట్ల గళ్లు. ఎత్తున యాభై పొరలేస్తే రెండు లక్షల కోట్లు. ఆ సంఖ్య మనకు బడ్జెట్ ప్రసంగాల్లో అలవాటే గనక ఎవరూ ఉలిక్కిపడరు. ఇక నీరు సెకనుకు రెండు మీటర్లు పారుతుంటే, లెక్క చెడకుండా ఉండాలంటే, ఒక్కో అడుగు సెకనులో ఇరవయ్యో వంతు మించకూడదు. అంటే ఒక్క రోజు వానకు 17 లక్షల పైచిలుకు అడుగులు, ప్రతి అడుగులో రెండు లక్షల కోట్ల గళ్లు. ఈ వాన లెక్క తేలేసరికి మా మనవడు రిటైరవుతాడు. అదే పది మీటర్ల గళ్లతో, లోతు సగటు చేసి చూస్తే 40 లక్షల గళ్లు. ఒక మంచి కంప్యూటర్ మోయగల బరువే.

గళ్లు సరే, గళ్లలో ఏం పోస్తారు? నేల ఎత్తు ఎక్కడ ఎంతో తెలియాలి. “శాటిలైట్ డేటా ఫ్రీగా ఉంది” అన్నాడు టై కుర్రాడు. ఇక్కడ ఉచితానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, గమనించండి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులు భూమిని చుట్టి కొలిచిన పటం అది. ఒక్కో గడి 30 మీటర్లు. ఎత్తులో మీటర్ల కొద్దీ తేడా ఉండొచ్చు. మా నాలా వెడల్పు, ఆక్రమణలు పోను, ఒక పెళ్లి వ్యాను అడ్డంగా నిలబడితే నిండిపోయేంత. ముప్పై మీటర్ల గడిలో అది ఎక్కడ కనబడుతుంది? ఆక్రమించినవాళ్లను అనవసరంగా తిట్టుకున్నాం. పటం ప్రకారం నాలాయే లేదు, లేని నాలాను ఎవరాక్రమిస్తారు? పైగా రాడార్‌కు తగిలేది మేడ పైకప్పు, దాన్నే నేల అనుకుంటుంది. కాబట్టి నాలా మీద లేచిన మేడ ఈ పటంలో ఒక చిన్న మిట్ట. హనుమకొండలో పద్మాక్షి గుట్ట ఉంది, దానికి తోడు మా వార్డులో బిల్డర్ గుట్ట. నీళ్లు మర్యాదగా దాన్ని చుట్టి మా ఇళ్లలోకి మళ్లుతాయి. ఒప్పుకోవాలి, ఈ ఒక్క విషయంలో మోడల్ ఉన్నదున్నట్టు చెప్పింది.

మీటింగు అయ్యాక మనసు ఊరుకోక ఆదివారం పొద్దున్నే పక్కింటి కాకను లేపాను. కాక ఒకప్పుడు వర్క్ ఇన్‌స్పెక్టర్. సాఫ్ట్‌వేర్ అంటే ఆయనకు మనవడి ఉద్యోగం. ముప్పై మీటర్ల టేపు మాత్రం ఇప్పటికీ గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్నాడు. ఇద్దరం లుంగీలు ఎగ్గట్టి మా మలుపు దగ్గరి కల్వర్టులోకి దిగాం.

కాగితం మీద అది మూడు ఖానాల కల్వర్టు, కాంక్రీటు పరిచిన నాలా. మొదటి ఖానాకు అడ్డంగా మంచినీళ్ల పైపు పోతోంది, దానికి చుట్టుకున్న పాలిథిన్ సంచులు జడ అల్లినట్టు వేలాడుతున్నాయి. రెండో దాంట్లో ఒండ్రు రెండున్నర అడుగులు. టేపు దింపితే టేపుతో పాటు కాక చెయ్యి కూడా మోచేతి దాకా దిగింది. మూడో ఖానా ముందు ఒక ప్రహరీ గోడ. గోడ వెనక జనరేటర్. 

“రాసుకో బిడ్డా,” అన్నాడు కాక. “మూడు ఖానల్ల నీళ్లు పోయేది ముప్పావు ఖాన. పరుపు ఒకటి. సోఫా సీటు ఒకటి. కోడి ఈకల సంచులు లెక్కలేనన్ని. గణపతి చెయ్యి ఒకటి.”

“చెయ్యేనా కాకా? గణపతేడీ?”

“మీ ఇంటికాడికే పోయుంటడు, ముందల వరదల.”

ఇప్పుడొక విద్యా విషయం. ఏ సాఫ్ట్‌వేర్ అయినా, కోటి రూపాయలదైనా కానీ ఉట్టిదైనా కానీ, కాలువ లెక్కకొచ్చేసరికి ఒక చిన్న అంకె అడుగుతుంది: ఈ కాలువ ఎంత గరుకు? దాని పేరు మానింగ్ ఎన్. హైడ్రాలిక్స్ ఏ కాలేజీలోనూ చదవకుండా పనిలోనే నేర్చుకున్న ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో వివరించిన సూత్రం నుంచి వచ్చింది. నున్నటి కాంక్రీటుకు 0.015, రాళ్లూ కలుపూ ఉన్న కాలువకు 0.035, గుర్రపుడెక్క అల్లుకుపోతే 0.1 కూడా దాటొచ్చు. ఇందులో గుట్టు ఏమిటంటే, లోతూ వాలూ అలాగే ఉండగా ఎన్ రెట్టింపైతే కాలువలో పోయే నీరు సరిగ్గా సగమవుతుంది. ఫైల్లో మా నాలా నున్నటి కాంక్రీటు. కాబట్టి ఫైల్లో మేమెవరం మునగలేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు 0.015 అని చెప్పినా, ఉచితమైనదానికి చెప్పినా, పెన్‌డ్రైవ్‌లోని దానికి చెప్పినా, మూడూ ఒకే అబద్ధాన్ని మూడు రంగుల్లో వేసి చూపిస్తాయి. పరుపుకు ఎన్ ఎంత అని లెక్చరర్‌ను ఫోన్లో అడిగాను. పుస్తకంలో పరుపు లేదన్నాడు. కాసేపాగి, “డబుల్ కాటా సార్?” అని అడిగాడు. మంచి కుర్రాడు, బాగుపడడు.

ఇక్కడ కాకతీయులను తెచ్చి, రామప్ప చెరువుకు, పాకాలకు వాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడారని అడగడం మా ఊరి వ్యాసకర్తల ఆచారం. నేనడగను. వాళ్ల పని తేలిక. చెరువు శిఖంలో వెంచరు వేసి, దానికి చెరువు పేరే పెట్టి, ‘లేక్ వ్యూ’ అని అమ్మేవాళ్లు అప్పుడు లేరు. అలాంటివాళ్లుండగా గొలుసుకట్టు చెరువులు కట్టి చూపించమనండి ఏ గణపతిదేవుణ్ణయినా.

అడగవలసిన మనిషి ఇంకా దగ్గరలో ఉన్నాడు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ఊడ్చేశాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని ఆయన లెక్క. ముందు చెరువులను లెక్కబెట్టించి, వాన లెక్కలు తిరగేసి, అప్పుడు చెప్పాడు ఎగువన జలాశయాలు కట్టమని. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. మా కమిటీలో ఏ చెరువు మత్తడి ఎటు దుంకుతుందో అడిగే తీరిక ఎవరికీ చిక్కలేదు. లైసెన్సు ఎన్ని సీట్లకన్నది తేలకుండా చెరువుల దాకా ఎలా పోతారు?

2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు నేను కట్ట మీద నిలబడి చూశాను. చెరువు అడుగు మొత్తం బట్టబయలుగా, పగుళ్లతో, ఎండకు ఆరుతోంది. నడుచుకుంటూ పోయి కొలుచుకోగలిగిన రోజులవి. పక్కనున్న ఒకాయన అదే సమయంలో, నీటి అడుగున లోతులు కొలిచే సోనార్ పడవ ఎక్కడ దొరుకుతుందో ఫోన్లో కనుక్కుంటున్నాడు. నేను అబద్ధం చెప్పడం లేదు. చెప్పినా, రంగులు వేసి చెప్పడం లేదు.

దేశంలో మొదటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి 1959లో పునాది పడిన ఊరు మాది. ఊళ్లో రాయి విసిరితే ఇంజనీరు మీద పడుతుంది, మురికి నీటి మీద మాత్రం పడదు, నీటిని పరుపులు కప్పేశాయి. తెలిసినవాళ్లు లేక కాదు ఈ గోస. దిగేవాళ్లు లేక.

రెండో మీటింగుకు కాక కొలతలు తీసుకుపోయాను. నోటుబుక్కు కాగితం, మీద ఒండ్రు మరక. పెద్దసారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, “బాగుంది, కానీ మాకు కావాల్సింది వాలిడేషన్ డేటా. అంటే గత వరదల్లో నీళ్లు ఎక్కడ ఎంత ఎత్తుకు వచ్చాయో రికార్డు ఉండాలి. మోడల్ చెప్పింది నిజమో కాదో దానితోనే కదండీ సరిచూసేది. అదే లేదు మన దగ్గర” అన్నారు. మొదటిసారి ఆ హాల్లో ఒక సరైన మాట విన్నాను. ప్రాణం లేచొచ్చింది.

“ఉంది సార్!” అన్నాను. “మా హాలు గోడ మీద 2020 గీత ఉంది. దాని మీద జానెడు ఎత్తున 2023. మా ఇంట్లోనే కాదు, వరసగా నలభై ఇళ్లలో ఉన్నాయి. రేపే మనిషిని పంపండి, టేపు కాక దగ్గరుంది.”

పెద్దసారు టై కుర్రాడి వైపు చూశారు. కుర్రాడు, “ఎక్సెల్‌లో ఉన్నాయా అండీ?” అన్నాడు.

“గోడ మీదున్నయి.”

“అయితే పీడీఎఫ్ అయినా పర్లేదు.”

ఉపసంఘం వేశారు. మినిట్స్‌లో ‘డేటా అందుబాటులో లేదు’ అని రాసి, ప్రజల భాగస్వామ్యం గడిలో నా సంతకం తీసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పిలిపించిన పెయింటర్ హాల్లో నిచ్చెన వేసి ఉన్నాడు. సున్నం గీకుతూ గీకుతూ ఒకచోట ఆగి, “సారూ, గీ గీతలు గూడ కొట్టెయ్యాల్నా?” అని అడిగాడు. మూడు గీతలున్నాయి. మూడోది, మొన్న అక్టోబరుది, ఇంకా పచ్చిగానే ఉన్నట్టు వేలికి మట్టి అంటుతోంది.

“కొట్టేయ్,” అంది మా ఆవిడ వంటింట్లోంచి. “అంతకంటే పైకి రంగు ముదురుది వెయ్యి. కనపడకుండ ఉంటది.”

“ఆగు తమ్మీ,” అన్నాను. పెయింటర్ బ్రష్షు ఎత్తి పట్టుకుని నన్నూ వంటింటినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను ఫోన్ తీసి గోడను ఫొటో తీశాను. దాన్ని పీడీఎఫ్ ఎట్లా చెయ్యాలో కాక మనవణ్ణి అడగాలి.